పాత మారుతికి అల్లాయ్ చక్రాలు: చట్టం తేల్చి చెప్పాలి

బెంగళూరు టౌన్‌హాల్ దగ్గర మొదలై మినర్వా సర్కిల్ దాకా సాగే జేసీ రోడ్డుకు కార్ల సామాన్ల బజారుగా పెద్ద పేరుంది. సీటు కవరు నుంచి సైలెన్సరు దాకా అన్నీ దొరికే ఆ వీధిలో ముందుగా కంటబడేవి దుకాణాల్లో వరసగా వేలాడదీసిన అల్లాయ్ చక్రాలే. వాటికోసం వచ్చే బళ్లన్నీ కొత్తవి కావు. తాతగారి పేరు మీదున్న మారుతి 800, తుప్పు గీకించి మళ్లీ రంగు కొట్టించిన ప్రీమియర్ పద్మిని, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉండి బయటికొచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి చిన్న పాత కార్లూ అక్కడ జాకీ ఎక్కుతాయి. నాలుగు ఇనుప డిస్కులు ఊడదీస్తారు, నాలుగు మెరిసే చక్రాలు బిగిస్తారు, బిల్లు చేతిలో పెడతారు. ఇక ఆ బండి చట్టప్రకారం రోడ్డు మీద తిరగొచ్చా అని అడిగితే మాత్రం దుకాణదారు ఒకటి చెబుతాడు, ట్రాఫిక్ పోలీసు మరొకటి చెబుతాడు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంకొకటి చెబుతాడు.

వాళ్లలో ఎవరినీ తప్పుపట్టలేం. చట్టమే అంత అస్పష్టంగా ఉంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిలో మార్పుచేర్పుల గురించి చెబుతుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు తేడాగా ఉండేలా ఏ యజమానీ బండిని మార్చకూడదన్నది దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఆర్టీవో కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. రాష్ట్ర నిబంధనల ఆధారంగా కొన్ని మార్పులు చేసుకోవచ్చని కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పును జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం పక్కన పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షన్‌ను మార్చి రాసి శిక్షను కూడా పెంచింది. విడిభాగాలు తగిలించడం సహా అనుమతి లేని మార్పు ఏది చేసినా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇంతవరకు చదివితే అల్లాయ్ చక్రం ఎక్కించినవాడు నేరస్థుడే అనిపిస్తుంది. అయితే అదే 52వ సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బండి మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పునే ఈ సెక్షన్ కింద మార్పుగా లెక్కించాలని ఆ వివరణ చెబుతోంది. అదే సైజులో, అదే టైరుతో, ఇనుప డిస్కు స్థానంలో అల్యూమినియం డిస్కు వేస్తే కారు మౌలిక లక్షణం ఎలా మారుతుంది? పైగా ప్రైవేటు కారు ఆర్సీలో టైరు సైజు రాయనే రాయరు. లారీలు, బస్సుల వంటి రవాణా వాహనాలకే టైర్ల సంఖ్య, సైజు నమోదు చేస్తారు. ఆర్సీలో లేని వివరానికి ‘ఆర్సీకి తేడా’ ఎలా వస్తుందని ఒక లాయరు వాదించవచ్చు. తయారీదారు ప్రభుత్వ పరీక్షలకు పంపి ఆమోదం పొందిన నమూనాలో చక్రం కూడా భాగమే కదా అని ఇంకో లాయరు వాదించవచ్చు. రెండింటికీ బలముంది. బండి యజమాని మాత్రం ఈ వాదనలు కోర్టులో వినిపించే స్తోమత ఉన్నవాడు కాదు. నడిరోడ్డు మీద ఆపితే చలానా కట్టి వెళ్లిపోతాడు.

ఈ గందరగోళం ఎక్కువగా బయటపడేది ఆర్టీవో ఆఫీసు ఆవరణలోనే. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇంకో మెలిక కూడా ఉంది. అనంతపురంలోనో చిత్తూరులోనో రిజిస్టరైన కారు కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంటే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అంటే ఎన్ఓసీ తెచ్చుకోవాలి, పన్ను కట్టాలి, బండిని తెచ్చి చూపించాలి. నాన్న వాడిన మారుతిని సొంతూరి నుంచి తెచ్చుకున్నవాళ్లకు అక్కడ చక్రాల ప్రశ్న ఎదురవుతుంది. ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేకపోతే ఎవరి దగ్గరో ఇనుప డిస్కులు అడిగి తెచ్చి బిగించి, పని కాగానే మళ్లీ అల్లాయ్ ఎక్కించాల్సిందే. ఈ తతంగంతో రోడ్డు భద్రతకు ఒరిగేదేమీ లేదు. కొలత లేని నిబంధన ఉన్నచోట అధికారి విచక్షణే చట్టమవుతుంది. అది లంచానికి దారి తీస్తుంది.

అలాగని అల్లాయ్‌లన్నిటినీ ఇష్టారాజ్యంగా వదిలేయాలని కాదు. చక్రం అలంకారం కాదు. బండి బరువంతా, బ్రేకు ఒత్తిడంతా, మలుపులో పక్కకు లాగే బలమంతా మోసేది అదే. ఇక్కడ కొన్ని లెక్కలు చూడాలి.

పాత మారుతి 800 టైరు సైజు 145/70 ఆర్12. దాని బయటి వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. చూపుకు బాగుంటుందని 13 అంగుళాల రిమ్ముకు 155/65 టైరు వేస్తే వ్యాసం 532కు చేరుతుంది. తేడా దాదాపు 4.7 శాతం. స్పీడోమీటరు గేర్‌బాక్స్ తిరిగే చుట్లను లెక్కపెడుతుందే తప్ప టైరు సైజు దానికి తెలియదు. కాబట్టి ముల్లు 60 చూపిస్తున్నప్పుడు బండి 63 వేగంతో పోతుంటుంది. ఓడోమీటరు కూడా తక్కువ చూపుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, లేదా వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నప్పుడు, టైరు లోపలి మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడుగా కొందరు అదే 13 రిమ్ముకు 175/50 టైరు వేయిస్తారు. వ్యాసం 505, అసలు కొలతకు దాదాపు సమానం. స్పీడోమీటరు సరిగ్గానే ఉంటుంది. అయితే టైరు వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పక్క గోడ ఎత్తు 101 నుంచి 87కు తగ్గుతుంది. బెంగళూరు గుంతలో పడ్డప్పుడు దెబ్బను ఆపేది ఆ గోడే. 650 కిలోల చుట్టూ బరువుండే, పవర్ స్టీరింగ్ లేని కారుకు అంత వెడల్పు టైరు వేస్తే పార్కింగ్‌లో తిప్పేటప్పుడు చేతులు నొప్పెడతాయి. బేరింగులు కూడా త్వరగా అరుగుతాయి.

వ్యాసం ఒక్కటే చూసి ఊరుకోకూడదు. చక్రం హబ్బుకు ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పేది ఆఫ్‌సెట్, వాడుకలో ఈటీ. ఈటీ 45 ఉన్నచోట 35 వేస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. రిమ్ము వెడల్పు కూడా ఒక అంగుళం పెరిగితే బయటి అంచు మరో 12.7 మిల్లీమీటర్లు పోతుంది. మొత్తం 22.7. చిన్న కారు మడ్‌గార్డు అంచు దాటి టైరు బయటికి పొడుచుకు రావడానికి అది చాలు. అలా పొడుచుకొచ్చిన టైరు వర్షంలో బురదను, పొడి రోడ్డు మీద రాళ్లను పక్కన పోయే స్కూటరువాడి ముఖం మీదికి విసురుతుంది. మన నగరాల్లో కారుకూ స్కూటరుకూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

నట్ల సంగతి ఇంకా ముఖ్యం. ఫియట్ కార్లలో ఎక్కువగా కనిపించే 98 మిల్లీమీటర్ల స్టడ్డు వృత్తానికీ (నట్లు బిగించే స్టడ్డులు ఉండే వృత్తం), మార్కెట్లో తేలిగ్గా దొరికే 100 మిల్లీమీటర్ల చక్రానికీ తేడా కంటికి ఆనదు. పానాతో బలంగా తిప్పితే బిగిసినట్టే ఉంటుంది. నిజానికి స్టడ్డు వంకరగా లాగబడి, నట్టు సగమే కూర్చుంటుంది. చక్రం మధ్య రంధ్రం హబ్బు కన్నా పెద్దదైతే దానికి తగిన రింగు వేయాలి. వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యకు కూర్చోక, బండి వేగం అందుకోగానే స్టీరింగు వణకడం మొదలవుతుంది. ఇనుప డిస్కుకూ అల్లాయ్‌కూ నట్టు మొన ఆకారం, పొడవు చాలాసార్లు వేరుగా ఉంటాయి. నాలుగు అల్లాయ్‌లు వేయించి స్టెప్నీ మాత్రం పాత ఇనుపదే ఉంచుకునేవాళ్లు పాత నట్లు కూడా డిక్కీలో వేసుకోవాలి. లేకపోతే అర్ధరాత్రి హోసూరు రోడ్డు మీద పంక్చరైనప్పుడు స్టెప్నీ ఉండి కూడా ఉపయోగం ఉండదు.

కొనేవాళ్లు చక్రం ముందుభాగం మెరుపు చూస్తారు. చూడాల్సింది వెనకభాగం. మంచి తయారీదారు అక్కడ రిమ్ము వ్యాసం, వెడల్పు, ఈటీ విలువ, మోయగల గరిష్ఠ బరువు పోతలోనే అచ్చు వేస్తాడు. జపాన్ ప్రమాణాలకు తగినవాటి మీద జేడబ్ల్యూఎల్ అని ఉంటుంది. మన దేశంలో 2020లో కేంద్రం చక్రాల రిమ్ములకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అల్లాయ్ రిమ్ములకు ఐఎస్ 16192 ప్రమాణం వర్తిస్తుంది, ఐఎస్ఐ ముద్ర ఉండాలి. ఇలాంటి ప్రమాణాల కింద చక్రాన్ని మలుపు ఒత్తిడిలో లక్షల చుట్లు తిప్పి చూస్తారు, నిలువు బరువు పెట్టి దొర్లిస్తారు, ఏటవాలుగా నిలబెట్టి పైనుంచి బరువు పడేసి పగుళ్లు వస్తాయేమో గమనిస్తారు. ఈ పరీక్షల గడప తొక్కని నకలు చక్రాలు కూడా పేరున్న డిజైన్ల రూపంలోనే గోడకు వేలాడుతుంటాయి. ధర తక్కువ. పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. అల్లాయ్ అంటే తేలిక అన్న నమ్మకం కూడా అన్నిసార్లూ నిజం కాదు. పెద్ద సైజు చవక పోత చక్రం 12 అంగుళాల ఇనుప డిస్కు కన్నా బరువే తూగుతుంది.

గుంతలో పడితే ఇనుప డిస్కు వంగుతుంది, సుత్తితో సరిచేస్తే కొంతకాలం నడుస్తుంది. అల్లాయ్ వంగే ముందే పగలొచ్చు. పగిలినదాన్ని మంట పెట్టి, వెల్డింగు చేసి, పైన పౌడర్ కోటింగు వేసి కొత్తదానిలా చేసి ఇచ్చే రిపేరు షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వేడి తగిలిన చోట లోహం బలం పోతుంది, పైన వేసిన రంగు ఆ పగులును దాచేస్తుంది. అలాంటి చక్రాన్ని సెకండ్ హ్యాండులో కొనడం చాలా ప్రమాదకరం.

ఇక ఈ పాత కార్ల హోదా సంగతి. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. రోజువారీ ప్రయాణానికి గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చితే ఆ హోదా దక్కదని నిబంధన చెబుతోంది. చక్రాల పేరు మాత్రం ఎత్తలేదు. ‘అసలు రూపం’ అన్న మాటలో చక్రం ఉందా లేదా అన్నది పరిశీలించే కమిటీకే వదిలేశారు.

అంతకన్నా పెద్ద లోపం వయసు దగ్గరే ఉంది. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందాయి. ఆ మోడల్ తయారీ 2014లో ఆగింది. అంటే దేశంలో అతి పాత మారుతికి కూడా 2033 దాకా వింటేజ్ హోదా రాదు. పద్మినిల్లో కూడా చాలా బళ్లకు ఇప్పటికీ 50 ఏళ్లు నిండలేదు. మధ్యతరగతి భారతదేశం మొదటిసారి కారెక్కింది ఈ బళ్లలోనే. పెళ్లి ఊరేగింపులకు, తిరుపతి ప్రయాణాలకు, ఆస్పత్రి పరుగులకు వాడింది వీటినే. చట్టం దృష్టిలో ఇవి కేవలం ముసలి బళ్లు. రుసుము పెంచి తుక్కుకు తోసేయాల్సిన సరుకు. ఈ దృష్టి మారాలి.

ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫివా 30 ఏళ్లు దాటినవాటిని చారిత్రక వాహనాలుగా లెక్కిస్తుంది. జర్మనీలో 30 ఏళ్ల బండికి ‘హెచ్’ నంబరు ప్లేటు ఇస్తారు. ఆ కారు రోడ్డు మీదికొచ్చిన కాలంలో వాడుకలో ఉన్న రకం అల్లాయ్ అయితే ఆ హోదాకు అడ్డు రాదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు 2018 మే నుంచి వార్షిక తనిఖీ మినహాయింపు ఉంది. సస్పెన్షన్, స్టీరింగ్ తీరు మార్చితే అది పెద్ద మార్పు. అక్కడి చిన్న కారు మినీ 1959లో 10 అంగుళాల చక్రాలతో వచ్చింది. ర్యాలీ రోజుల నుంచీ మినీలైట్ అల్లాయ్‌లు దాని రూపంలో భాగమైపోయాయి. వాటితో తిరిగే మినీని అక్కడ ఎవరూ నేరంగా చూడరు. ఐరోపా దేశాల్లో బజారులో కొనే చక్రాలకు ఐక్యరాజ్యసమితి 124వ నియంత్రణ ఉంది. జర్మనీలో చక్రం మీదే ఆమోద సంఖ్య అచ్చు వేసి ఉంటుంది, ఏ కారుకు ఏ సైజు సరిపోతుందో రాసిన కాగితం వెంట వస్తుంది. పోలీసు అడిగితే ఆ కాగితం చూపిస్తే సరి. లేకపోతే తనిఖీ కేంద్రానికి వెళ్లి, ఇంజినీరు చూసి ఒప్పుకున్నాక బండి పత్రాల్లో రాయించుకోవాలి.

ఇక్కడ కూడా అది చేయలేనిది కాదు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నైలో జీఏఆర్‌సీ లాంటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. ఐఎస్ఐ ముద్ర ఉంది. ఆర్సీలో ఒక వాక్యం చేర్చడానికి కంప్యూటరు వ్యవస్థ ఉంది. లేనిది కొలతలు రాసిన ఒక్క నిబంధనే. టైరు బయటి వ్యాసం అసలుదానికి రెండు మూడు శాతానికి మించి తేడా ఉండకూడదు, టైరు మడ్‌గార్డు దాటకూడదు, చక్రం మోయగల బరువు అసలుదానికన్నా తగ్గకూడదు, ఐఎస్ఐ ముద్ర ఉండాలి, హబ్బుకూ చక్రానికీ మధ్య స్పేసర్లు పెట్టకూడదు. ఇవి తప్పితే జరిమానా వేయండి, ఎవరూ కాదనరు. ఇవన్నీ ఉంటే చిన్న రుసుము తీసుకుని ఆర్సీలో నమోదు చేయండి. టేపు, స్కేలు పట్టుకున్న ఏ ఇన్‌స్పెక్టరైనా పది నిమిషాల్లో తేల్చగల విషయాలివి.

అమ్మేవాడి బాధ్యత కూడా లెక్కలోకి రావాలి. 182ఏ సెక్షన్‌లోనే, కేంద్రం కీలక భద్రతా భాగంగా ప్రకటించిన విడిభాగాన్ని ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మితే ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. చక్రాన్ని మించిన భద్రతా భాగం ఏముంటుంది? దాడి చేయాల్సింది నకలు చక్రాలు తయారుచేసే గోదాముల మీద, పగిలినవాటికి రంగేసి అమ్మేవాళ్ల మీద. సిగ్నల్ దగ్గర పాత మారుతిని ఆపి 5,000 రాసినంత మాత్రాన ఒక్క నకలు చక్రం కూడా బజారు నుంచి పోదు. ప్రతి బిల్లు మీద కారు మోడల్, చక్రం సైజు, ఈటీ, మోయగల బరువు రాయడం తప్పనిసరి చేస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది.

కర్ణాటక రవాణా శాఖ ఈ ప్రతిపాదనను కేంద్రానికి పంపడానికి తగిన స్థానంలో ఉంది. దేశంలో పాత కార్ల మీద మక్కువ ఎక్కువగా ఉన్న నగరాల్లో బెంగళూరు ఒకటి. ఇక్కడి క్లాసిక్ కార్ల సంఘాల్లో, జేసీ రోడ్డు వర్తకుల్లో ఈ సాంకేతిక విషయాలు బాగా తెలిసినవాళ్లున్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి ముసాయిదా రాయిస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు కూడా దాన్ని బలపరచవచ్చు. 30 నుంచి 50 ఏళ్ల మధ్య కార్లకు ‘క్లాసిక్’ అన్న ప్రత్యేక తరగతి కూడా అందులోనే చేర్చాలి.

ఆ నిబంధన వచ్చేదాకా పాత చిన్న కారున్నవాళ్లు అసలు సైజు దాటకుండా ఉండటం మంచిది. అల్లాయ్ వేయించే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పని మార్పు ఉంటే సొంత బండి నష్టానికి క్లెయిము పెట్టేటప్పుడు పేచీ వస్తుంది. బిల్లు భద్రంగా పెట్టుకోండి. ఊడదీసిన నాలుగు ఇనుప డిస్కులను, వాటి నట్లను మాత్రం దుకాణంలో వదిలి రావద్దు, తుక్కువాడికి అమ్మవద్దు. మారుతి 800 ఆగిపోయి పదేళ్లు దాటింది. మంచి 12 అంగుళాల డిస్కు దొరకడం రానురాను కష్టమవుతోంది.